ఓవెన్ తలుపు తీయకండి బాబూ!

కేక్ ఓవెన్‌లో పెట్టగానే మా ఇంట్లో అందరికీ దానిమీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొస్తుంది. "పొంగిందా?" అంటూ తలుపు తీసి చూడనిదే మావారికి తోచదు. అద్దం ఉంది, లోపల లైటుంది, అయినా తీయాల్సిందే! 180 డిగ్రీల వేడిలో పొంగుతున్న పిండి గట్టిపడకముందే చల్లగాలి తగిలితే నడుమ గుంట పడుతుందని ఎన్నిసార్లు మొత్తుకోవాలి? ఓ అరగంట ఆగలేరా? పైగా అది కూలబడ్డాక, "బేకింగ్ పౌడర్ తక్కువైనట్టుంది" అని సలహా ఒకటి. ఒళ్లు మండదూ!

ఇక అత్తయ్యగారికి ఓవెన్ అంటే అప్పడాల డబ్బాలు, ఖాళీ గిన్నెలు దాచుకునే అలమర. ప్రీహీట్ పెట్టేముందు అవన్నీ దించడమే ఓ పని. మొన్న టీవీ రిమోట్ కూడా అందులోనే దొరికింది. అడిగితే, "పిల్లలకు అందకుండా పెట్టానమ్మా" అంటారు!