దాతల వెంచర్ నిధులు బడులను కొనేస్తాయా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో, బడుల్లో కొత్త ప్రయత్నాలకు తొలిదశలోనే డబ్బిచ్చే దాతల ‘వెంచర్ నిధుల’ గురించి ఒక సందేశం విపరీతంగా తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘వెంచర్ ఫండ్ అంటేనే లాభాల వ్యాపారం. దాతృత్వం ముసుగులో వచ్చే ఈ సంస్థలు మన పిల్లల మీద ప్రయోగాలు చేస్తాయి, ప్రభుత్వాన్ని బాధ్యత నుంచి తప్పిస్తాయి, చివరకు బడులను ప్రైవేటుకు అప్పగిస్తాయి. ఇది అమెరికా సరుకు. విద్యా కమిటీ సభ్యులెవరూ సంతకం పెట్టకండి.’ బడుల విలీనం పేరిట ఊళ్లోని తరగతులు పక్క ఊరికి తరలిపోవడం చూసినవారికి ఇలాంటి అనుమానం రావడం సహజమే. కానీ అనుమానం వేరు, ఆధారం వేరు.

ముందుగా లాభం సంగతి. అమెరికాలో 1998లో ఏర్పడిన న్యూస్కూల్స్ వెంచర్ ఫండ్ ఈ పద్ధతికి తొలి నమూనాల్లో ఒకటి. అది లాభాపేక్ష లేని సంస్థ. కొత్త కంపెనీల్లో లాభం కోసం డబ్బు పెట్టే వెంచర్ పెట్టుబడిదారుల నుంచి అది తీసుకున్నది పనితీరును మాత్రమే: ఇంకా రుజువు కాని ఆలోచనకు తొలిదశలోనే డబ్బివ్వడం, కొన్నేళ్లు వెన్నంటి ఉండడం, ఫలితాన్ని కొలవడం. అలాగని ఈ రంగంలో రాబడి అసలే ఉండదనడం కూడా సరికాదు. రాజస్థాన్‌లోని భిల్వారా జిల్లాలో 2015 నుంచి 2018 వరకు బాలికల చదువు కోసం పనిచేసే ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థ నడిపిన కార్యక్రమానికి, స్విస్ బ్యాంకు యూబీఎస్‌కు చెందిన దాతృత్వ సంస్థ యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్ ముందుగా డబ్బు పెట్టింది. నేర్చుకోవడంలో పెట్టుకున్న లక్ష్యానికి 160 శాతం ఫలితం వచ్చాక అసలుతో పాటు అదనపు సొమ్మూ వెనక్కి పొందింది. ఆ సొమ్ము చెల్లించింది మరో దాతృత్వ సంస్థ. ప్రభుత్వ ఖజానా గానీ, పిల్లల తల్లిదండ్రులు గానీ కాదు.

సందేశం రాసినవారు బహుశా 2022 నాటి ట్యాబ్‌లను మనసులో పెట్టుకుని ఉంటారు. అప్పుడు రాష్ట్రంలోని ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబ్‌లు ఇచ్చారు. 2024 జులైలో ఆ కంపెనీపై దివాలా ప్రక్రియ మొదలైంది. అయితే బైజూస్ లాభం కోసం పుట్టిన వ్యాపార సంస్థ. దాన్నీ దాతల నిధులనూ ఒకే గాటన కట్టడం వల్లే ఈ గందరగోళమంతా.

‘పిల్లల మీద ప్రయోగాలు’ అన్న మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. పొందూరు మండలంలో ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు ఉన్న ప్రాథమిక పాఠశాలను ఊహించుకోండి. ఒక్కో పిల్లకూ ఒక కార్డు ఇస్తారు: దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని పదాలు, ఒక చిన్న పేరా, ఒక కథ ఉంటాయి. నాలుగో తరగతి పిల్ల పదాల దగ్గర ఆగిపోతే, రోజుకు ఓ గంట ఆమెను తరగతితో నిమిత్తం లేకుండా పదాల గుంపులో కూర్చోబెట్టి అక్కడి నుంచి చదివిస్తారు. 1995లో ముంబైలో మొదలైన ప్రథమ్ సంస్థ రూపొందించిన పద్ధతి ఇదే. అమెరికా దాతృత్వ సంస్థలైన హ్యూలెట్, గేట్స్ ఫౌండేషన్ల గ్రాంట్లు దీని విస్తరణకు తోడ్పడ్డాయి. అసలు విషయమేమిటంటే, ఇది అన్నిచోట్లా పారలేదు. ఉత్తరాఖండ్, బీహార్‌లలో టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి ఊరుకున్నప్పుడు పిల్లల చదువులో మార్పు రాలేదు. హర్యానాలో బడి వేళల్లోనే ఒక గంట ప్రత్యేకంగా కేటాయించి, పర్యవేక్షకులకూ శిక్షణ ఇచ్చి నడిపినప్పుడు హిందీ చదవడం మెరుగుపడింది. ఈ తేడాను కనిపెట్టడానికయ్యే ఖర్చు ఏ శాఖ బడ్జెట్‌లోనూ సులువుగా దొరకదు, ఎందుకంటే విఫలమైన ప్రయత్నానికి లెక్క చెప్పుకోవలసిన అధికారి దాని జోలికి పోడు. ఆ ముప్పును దాత భరిస్తాడు. మన కంపెనీల సామాజిక బాధ్యత నిధులు, అంటే 2013 చట్టం ప్రకారం పెట్టే సగటు నికర లాభంలో 2 శాతం, తరచుగా బల్లలకూ గోడల రంగులకూ పోవడానికి కారణం కూడా ఇదే. బల్ల విఫలం కాదు, పైగా దాని మీద పేరు రాయించుకోవచ్చు.

విఫలమైతే పిల్లల సంగతేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. అమెరికాలో చిన్న హైస్కూళ్ల మీద తాము పెట్టిన డబ్బు చాలాచోట్ల చదువును చెప్పుకోదగినంత మెరుగుపరచలేదని బిల్ గేట్స్ 2009లో బహిరంగంగానే రాశారు. కాబట్టి మామూలు పాఠాలు ఆగకుండా, కొద్ది బడుల్లో, కొలత ముందే నిర్ణయించుకుని మొదలుపెట్టాలని పట్టుబట్టాలి. కొలతే లేకుండా రాష్ట్రమంతటా ఒక్కసారి అమలు చేసే పథకం అంతకన్నా పెద్ద ప్రయోగమని నా అభిప్రాయం.

ఇక ప్రభుత్వం తప్పుకుంటుందన్న భయం. పాఠశాల విద్యకు రాష్ట్రం ఏటా 30 వేల కోట్ల రూపాయల స్థాయిలో ఖర్చు పెడుతోంది; అందులో సింహభాగం జీతాలు. ఆ భారం మోయడం ఏ ఫౌండేషన్ వల్లా కాదు.

ప్రైవేటుకు అప్పగింత అనే ఆరోపణకు జవాబు మన రాష్ట్ర అనుభవంలోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ సహకారంతో, లాటరీ పద్ధతిలో కొందరు పిల్లలను ప్రైవేటు బడుల్లో చేర్పించి ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అధ్యయనం చేశారు. తెలుగు, గణితాల్లో ఆ పిల్లలు ప్రభుత్వ బడుల పిల్లలను మించలేదు. హిందీలో మాత్రం ముందున్నారు. ప్రైవేటు బడిలో ఒక్కో పిల్లకయ్యే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువన్న సంగతీ అదే అధ్యయనం చెప్పింది. దాత అండతో జరిగిన పని దాతకు కావలసిందే చెబుతుందని ముందే తీర్పు ఇవ్వలేం.

అమెరికా సరుకు అన్న మాట మన శ్రీకాకుళం జిల్లాలో చెల్లదు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర భాష నేర్చుకుని, వాచకాలు తయారుచేసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు చదువు చెప్పించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, అది తనకు వద్దని, బడికి గ్రాంటు ఇమ్మని అడిగారు. ముందు తన డబ్బుతో చేసి చూపించి, ఆ తరువాత ఖజానాను పిలవడమే ఈ నిధుల వరుస కూడా. సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రభుత్వం బోధన మొదలుపెట్టేసరికి 2004 వచ్చింది.

సంతకం విషయానికొస్తే, ఇలాంటి ఒప్పందాలు సాధారణంగా విద్యాశాఖ స్థాయిలోనే కుదురుతాయి. కమిటీ సంతకం ఆపినంత మాత్రాన అవి ఆగవు. కమిటీ సభ్యులు ఒప్పందం ప్రతిని తెప్పించుకుని, దాత గడువు ముగిశాక ఖర్చు ఎవరు పెడతారో, పిల్లల వివరాలు ఎవరి దగ్గర ఉంటాయో, ఫలితం చెడుగా వచ్చినా ప్రకటిస్తారో లేదో చదివి చూడాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా అభ్యంతరాన్ని సమావేశం మినిట్స్‌లో రాయించే హక్కు వారికి ఉంది.