కాలువతో పాటు గుట్టనూ చూడండి

హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం నీళ్లు 2012లో జీడిపల్లి రిజర్వాయరుకు చేరాయి. అప్పటి నుంచి అనంతపురం జిల్లాలో సాగునీరంటే కాలువ మాటే. ఎన్ని పంపులు తిరుగుతున్నాయి, ఏ చెరువుకు వదిలారు అన్నదే చర్చ. శ్రీశైలం వెనుక జలాల నుంచి 40 టీఎంసీలు ఎత్తిపోసి నాలుగు ఉమ్మడి జిల్లాల్లో 6 లక్షల ఎకరాలకు పైగా తడపాలన్నది పథకం. కరవు సీమకు అది కావాల్సిందే. కానీ ఇంత కరెంటు ఖర్చు పెట్టి తెచ్చిన నీళ్లు నిలవాల్సిన చెరువుల పైన, బోడిగా మిగిలిన గుట్టల ఊసు ఎవరూ ఎత్తడం లేదు.

పైనుంచి మట్టి కొట్టుకొస్తే ఏమవుతుందో తుంగభద్రను చూస్తే తెలుస్తుంది. మొదట్లో సుమారు 133 టీఎంసీలు పట్టిన డ్యామ్‌లో పూడిక పేరుకుని ఇప్పుడు పట్టేది 105 టీఎంసీల చిల్లరే. ఆ నష్టం ఆ డ్యామ్ నుంచి అనంతపురానికి నీళ్లు తెచ్చే ఎగువ కాలువ (హెచ్చెల్సీ) రైతుకూ తగిలింది.

గుట్టలు బోడి అయ్యాయని కట్టెలు కొట్టే ఆడవాళ్లను తప్పుపట్టడం తేలిక. దీపం, ఉజ్వల పథకాలతో చాలా ఇళ్లకు గ్యాస్ వచ్చిన మాట నిజమే. అయినా పల్లెల్లో టీ, టిఫిన్ వరకే గ్యాస్. సంగటి ఎసరు, స్నానాలకు నీళ్లు పెరట్లో రాళ్ల పొయ్యి మీదే కాగుతాయి. సిలిండర్ నాలుగు రోజులు ఎక్కువ రావాలన్న జాగ్రత్త అది. కంది కట్టె, సర్కారు తుమ్మ అందినన్నాళ్లు సరే, అవి అయిపోతే గుట్ట ఎక్కక తప్పదు. కేసులు పెడితే ఎసరు మరగదు కదా!

నీరు, భూమి, చెట్టు మూడింటినీ 2002లోనే వాల్టా చట్టం ఒక్కచోట చేర్చింది. ఆఫీసులు మాత్రం వేటికవే. గుట్ట అటవీ శాఖది, చెరువు ఇరిగేషన్‌ది, వాటర్‌షెడ్ పనులు ఇంకొకరివి. గుట్ట మీద కందకాలు, వంకల్లో రాతి కట్టలు వేయకుండానే చెరువులో పూడిక తీస్తారు. గట్టి వాన పడితే ఆ మట్టి మళ్లీ చెరువులోకే వస్తుంది.

అందుకే హంద్రీ-నీవా నీళ్లిచ్చే ప్రతి చెరువుకూ కాలువ ఎస్టిమేట్‌లోనే పరీవాహకం (చెరువులోకి వాన నీరు జారే గుట్టలు, వంకలు) పనుల ఖర్చు చేర్చాలని కోరుతున్నాం. పని గుట్ట మీద మొదలై కిందికి రావాలి. చెరువుల్లో పెరిగిన సర్కారు తుమ్మను బొగ్గు కాంట్రాక్టర్లకు వేలం వేసే ముందు ఊరి మహిళా సంఘాలకు వంట చెరకుగా ఇవ్వాలి. పోరంబోకుల్లో కానుగ, వేప పెంచి, ఎండుకొమ్మలపై ఊళ్లలో అడవిని కాపాడే వన సంరక్షణ సమితులకు రాతపూర్వకంగా హక్కు కల్పించాలి. ఎండాకాలంలో గుట్టలకు నిప్పంటుకోకుండా కాపలా కాసేవాళ్లకు కూలీ కూడా ఈ పద్దు నుంచే చెల్లించాలి.