గురక మిషను దానం వద్దు, అరువివ్వండి

కావలిలో ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పుకొని బతుకుతున్న నేను, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ అప్నియా అనే జబ్బు వల్ల నాలుగేళ్ళుగా ప్రతి రాత్రీ ముక్కుకు మాస్కు తగిలించుకొని, మంచం పక్కన టిఫిన్ క్యారియరంత సీపాప్ మిషను పెట్టుకొని నిద్రపోతున్నాను. గొంతులో గాలి దారి మూసుకుపోకుండా అది మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపుతుంది. మొన్న ఆ మాస్కు అంచు చిరిగి, గాలి నేరుగా కళ్ళలోకి కొట్టడం మొదలుపెట్టింది. కొత్తదాని ధర 5,200 రూపాయలన్నారు. నా జీతం 18,000. ఆ సాయంత్రం పాత రసీదులన్నీ ముందేసుకొని లెక్క కట్టాను. నిద్ర పరీక్షకు 9,000, మిషనుకు 42,000, ఇప్పటికి మార్చిన రెండు మాస్కులకు 10,000, గొట్టానికీ ఫిల్టర్లకూ 4,500, కరెంటు పోతే మిషను ఆగకుండా ఉండేందుకు కొన్న ఇన్వర్టరుకూ బ్యాటరీకీ 22,000, మొత్తం 87,500 తేలింది. ఇందులో ఏ ప్రభుత్వ పథకం నుంచీ నాకు ఒక్క రూపాయి రాలేదు. ఈ పోస్టు రాయడానికి కారణం అదే.

గురకను జబ్బు అనడానికి మనవాళ్ళకు నోరు రాదు. పెళ్ళివారింట్లో పెదనాన్న గురక పెడితే నవ్వుకుంటాం. ఆయనకు పట్టినంత గాఢనిద్ర ఇంకెవరికీ పట్టదని అసూయపడతాం కూడా. స్లీప్ అప్నియాలో జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. నిద్రలో గొంతు వెనక కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది, ఊపిరి కనీసం పది సెకన్లు ఆగుతుంది, రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, అప్పుడు మెదడు ఉలిక్కిపడి మనిషిని అర మెలకువలోకి లాగి ఊపిరి తీయిస్తుంది, ఆ సంగతి తెల్లవారాక ఆ మనిషికి గుర్తుండదు. ఇలా ఊపిరి ఆగడం గానీ బాగా సన్నగిల్లడం గానీ గంటకు ఐదు సార్లు దాటితే జబ్బుగా లెక్కిస్తారు, ముప్పై దాటితే తీవ్రమైనది అంటారు. నా రిపోర్టులో ఆ అంకె 47. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో పనిచేసే వయసువారిలో సుమారు 10.4 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది, వారిలో 4.7 కోట్ల మందికి అది ఓ మోస్తరు నుంచి తీవ్రమైన స్థాయిలో ఉంది. మన జిల్లాల్లో ఎందరికి ఉందో ఎవరైనా లెక్క తీస్తే చూడాలని నాకు కోరికగా ఉంది.

నాకు ఇది ఉందని మొదట కనిపెట్టింది నా భార్య. "ఏమండీ, మీరు ఊపిరి ఆపేస్తున్నారు, నేను లేచి కూర్చొని లెక్కపెడుతున్నాను" అని ఆమె రెండేళ్ళపాటు చెబుతూనే ఉంది, నేను కొట్టిపారేస్తూనే ఉన్నాను. పదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతూ ఎర్ర కలం చేతిలో ఉండగానే నిద్రపోయిన రోజున పిల్లలు నవ్వారు; నేనూ నవ్వాను. ముసునూరు దగ్గర హైవే మీద స్కూటరు నడుపుతూ కునుకు పట్టి పక్కనున్న మట్టిలోకి దిగిపోయిన రోజున మాత్రం నవ్వు రాలేదు.

తర్వాత ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరుగారిని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. నా మాటలు ఓపిగ్గా విన్నారు, మెడ చుట్టుకొలత తీసుకున్నారు, జబ్బు పేరు సరిగ్గానే చెప్పారు. "ఆపరేషన్ అయితే రాసిస్తాను మాష్టారూ, పరీక్షా మిషనూ మాత్రం మీరు బయట చూసుకోవలసిందే" అన్నారు. సాయం కోసం వెళ్ళిన మరో చోట ఒకాయన నన్ను కిందికీ పైకీ చూసి, బరువు తగ్గితే సరిపోతుంది కదా అన్నాడు. బరువు తగ్గితే చాలామందికి మేలు జరుగుతుందన్నది నిజమే. కానీ దవడ నిర్మాణం కారణంగా సన్నగా ఉన్నవారికి కూడా ఈ జబ్బు వస్తుందనీ, మన ఆసియా వాళ్ళలో అది తక్కువ బరువుకే కనిపిస్తుందనీ ఆయనకు ఎవరూ చెప్పినట్లు లేదు. చివరకు నా భార్య గాజులు బ్యాంకులో పెట్టి మిషను కొన్నాం. అది తగిలించుకొని నిద్రపోయిన మూడో రోజు తెల్లవారి లేచి, ఇన్నేళ్ళూ నేను నిద్ర అనుకున్నది నిద్రే కాదని తెలుసుకున్నాను.

2007 ఏప్రిల్‌లో మూడు జిల్లాల్లో మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆరోగ్యశ్రీ మీద నాకు గౌరవం ఉంది. నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడి గుండెకు ఆపరేషన్ జరిగింది ఆ పథకం వల్లనే. అయితే ఆ పథకానికైనా, కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌కైనా ప్రధానమైన అచ్చు ఒకటే: రోగి ఆసుపత్రిలో చేరాలి, ప్యాకేజీ ప్రకారం చికిత్స జరగాలి, డిశ్చార్జి కావాలి, బిల్లు ముగియాలి. స్లీప్ అప్నియా రోగి ఎక్కడా చేరడు, అతని చికిత్స తన ఇంట్లోనే, ప్రతి రాత్రీ, బతికినన్నాళ్ళూ జరుగుతుంది, ఆ బిల్లుకు చివరి తేదీ అంటూ ఉండదు.

ఏళ్ళ తరబడి సాగే వైద్యం ప్రభుత్వానికి చేతకాదంటే నేను ఒప్పుకోను. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు ఎన్టీఆర్ వైద్య సేవ కిందే లక్షలు ఖరీదు చేసే కాక్లియర్ పరికరాన్ని అమరుస్తున్నారు, మాటలు నేర్పే శిక్షణ కూడా ఇప్పిస్తున్నారు. డయాలసిస్ మీద ఉన్న కిడ్నీ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. కనిగిరి, పొదిలి ప్రాంతాల వాళ్ళకు ఆ పింఛను విలువ ఏమిటో నేను చెప్పనక్కరలేదు. 104 వాహనం ఊళ్ళోకి వచ్చి బీపీ, షుగరు మాత్రలు ఇచ్చి పోతుంది. మందులకు లొంగని బీపీ ఉన్నవాళ్ళలో స్లీప్ అప్నియా ఎక్కువగా కనిపిస్తుందని వైద్య పుస్తకాలన్నీ చెబుతుండగా, నెల నెలా మాత్రల సంఖ్య పెంచుతూ పోవడమే తప్ప, రాత్రి ఎలా నిద్రపోతున్నావని ఆ మనిషిని ఒక్క మాట అడగకపోవడం నాకు వింతగా తోస్తుంది. మా ఇంటికి సర్వేకు వచ్చిన అమ్మాయి నడుము కొలిచింది, పొగాకు అలవాటు గురించి అడిగింది, గురక గురించి మాత్రం అడగలేదు.

సీపాప్ మిషను వీటిలో దేనిలోకీ రాదు. అది మందు కాదు, ఆపరేషన్ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఈ జబ్బు లేదు కనుక, మూడు చక్రాల బండ్లూ వినికిడి యంత్రాలూ వచ్చే దారిలోనూ అది రాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు వర్తించే సీజీహెచ్ఎస్‌లో మాత్రం ఈ మిషను ఖర్చు పరిమితికి లోబడి తిరిగి ఇస్తారు. అంటే, ఇది వైద్యమేనని ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది, ఆ ఒప్పుకోలు మా వీధిలో కేంద్ర ఉద్యోగం చేసి రిటైరైన ఆయన ఇంటి దాకా వచ్చి, నా ఇంటికి రెండు గుమ్మాల అవతల ఆగిపోయింది. ఆయనకు ఇవ్వవద్దని నేను అనడం లేదు.

మిషనును ఊరికే ఇచ్చేయమని కూడా నేను అడగడం లేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్యంలో ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ అనే సంస్థ 2008లోనే, ఓ మోస్తరు నుంచి తీవ్రమైన స్థాయిలో జబ్బు ఉండి లక్షణాలతో బాధపడేవారికి సీపాప్ ఇవ్వాలని సిఫారసు చేసింది. అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఆ మిషనును అరువిస్తుంది. అది సర్కారు సొత్తుగానే ఉంటుంది, రోగికి అవసరం తీరాక తిరిగి ఇచ్చేయాలి. మన దగ్గరా అలాగే గ్రంథాలయం పద్ధతి పెట్టవచ్చు. ఏరియా ఆసుపత్రికి కొన్ని మిషన్లు, ఏడాదికొక మాస్కు, ఆరు నెలలకొకసారి చూపించుకునే రోజు, కావాలంటే పుస్తకానికి కట్టినట్లు కొంత ధరావతు. మందు తీసుకుపోయిన రోగి దాన్ని మింగాడో, చెత్తలో పారేశాడో ప్రభుత్వానికి తెలియదు గానీ, ఈ మిషను ఏ రాత్రి ఎన్ని గంటలు వాడారో తనలోనే రాసి పెట్టుకుంటుంది. అమెరికాలో వయసు మళ్ళినవాళ్ళ ప్రభుత్వ బీమా మొదటి మూడు నెలల్లో వరుసగా 30 రోజులు చూసి, వాటిలో నూటికి 70 రాత్రులు, రాత్రికి నాలుగు గంటలు వాడి ఉంటేనే ఖర్చు భరించడం కొనసాగిస్తుంది. వాడనివాడి దగ్గర వెనక్కి తీసుకొని వాడేవాడికి ఇవ్వండి. ప్రజల సొమ్ము వృథా కాలేదని ఇంత కచ్చితంగా రుజువు చూపగల పరికరం ఆసుపత్రిలో ఇంకొకటి ఉందా?

ఎదురు వాదనలు నాకు తెలియకపోలేదు. ఈ మాస్కుతో నిద్రపట్టక నెలలోపే అటక మీద పెట్టేసినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ముగ్గురున్నారు. అటకల మీద ధూళి పట్టిన ఆ మిషన్లను తలచుకున్నప్పుడే నాకు అరువు ఆలోచన వచ్చింది. మిషను పెట్టుకుంటే గుండెపోటూ పక్షవాతమూ రావని నేను చెప్పను, 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో అలాంటి ప్రయోజనమేదీ కనిపించలేదు. పగటి మత్తు తగ్గిందని, మనిషి మళ్ళీ మనిషిలా పనిచేస్తున్నాడని మాత్రం ఆ పరిశోధనలో కూడా కనిపించింది. నాకు అది చాలు. జాతీయ రహదారి మీద బండి నడిపేవాడికి అయితే, అది ప్రాణం.

ఇక్కడ మా బావమరిది సంగతి చెప్పాలి. అతను లారీ డ్రైవరు, చీమకుర్తి నుంచి గ్రానైట్ రాళ్ళు వేసుకొని 16వ నంబరు జాతీయ రహదారి మీద చెన్నై వైపు పోతుంటాడు. అతని గురక నాకంటే రెండింతలు ఎక్కువ. డ్రైవింగ్ లైసెన్సుకు మనం నింపే ఫారం 1లో మూర్ఛ ఉందా అని అడుగుతారు, రేచీకటి ఉందా అని అడుగుతారు, 25 మీటర్ల దూరంలో నంబరు పలక కనిపిస్తుందా అని అడుగుతారు. నిద్ర గురించి అడగరు. అడగాలని నేను ఒకప్పుడు వాదించేవాణ్ణి. ఇప్పుడు వాదించను. ఎందుకంటే పరీక్ష చేయించుకో అని అంటే అతను నాతో అన్నమాట ఇది: "జబ్బుందని తేలితే బండి దింపేస్తారు బావా, మిషను నువ్వు కొనిస్తావా?" చికిత్స చేతికి అందించకుండా జబ్బు పేరు మాత్రం కాగితం మీదికి ఎక్కిస్తే, డ్రైవర్లు దాన్ని దాచిపెట్టడమే నేర్చుకుంటారు. ముందు మిషను, ఆ తర్వాతే నిబంధన.

ఇంకొక ఇబ్బంది ఉంది. ఈ జబ్బును మొదట పసిగట్టాలంటే చాలాసార్లు పక్కన మరో మనిషి మేలుకొని వినాలి. పొగాకు బ్యారను దగ్గర గానీ, రొయ్యల చెరువు గట్టు మీద గానీ రాత్రులు ఒంటరిగా గడిపేవాడి ఊపిరి ఆగితే ఎవరు వింటారు? పిల్లలు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉండి, భర్త పోయి, ఒక్కతే ఉండే మా పిన్నమ్మలాంటి వాళ్ళను వినేది ఎవరు? ముట్లాగిన తర్వాత ఆడవాళ్ళలో ఈ జబ్బు పెరుగుతుంది, వాళ్ళు మాత్రం నీరసమనో రక్తం తక్కువనో బలం మాత్రలు వేసుకుంటూ ఉండిపోతారు. రాత్రి ఎలా నిద్రపోతున్నావు, పగలు మత్తుగా ఉంటుందా అని ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త రెండు ప్రశ్నలు అడగడమే వాళ్ళకు దిక్కు.

కరెంటు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మాకు రెండు రాత్రులు కరెంటు లేదు. అప్పటికి నా దగ్గర ఇన్వర్టరు లేదు. నా భార్య ఆ రెండు రాత్రులూ కొవ్వొత్తి పెట్టుకొని నా పక్కనే కూర్చొని, ఊపిరి ఆగినప్పుడల్లా భుజం తట్టి నన్ను లేపింది. మిషను లేని లోటును ఆమె అలా తీర్చింది.

వచ్చే సోమవారం నెల్లూరు కలెక్టరేటులో అర్జీల రోజున నేను ఒక అర్జీ ఇవ్వబోతున్నాను. జిల్లాలో ఒక్క ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా నిద్ర పరీక్ష, అరువు పద్ధతిలో మిషన్లు, ఏటా మాస్కు, ఇంటింటి సర్వేలో గురక ప్రశ్న, ఇంతే అందులో అడిగాను. మీ దగ్గర రిపోర్టు ఉంటే జిరాక్సు తీసుకొని రండి. ఉదయం ఆరింటి బస్సుకు కావలి బస్టాండులో ఉంటాను. మాస్కుకు ప్రస్తుతానికి ప్లాస్టరు అంటించాను, సోమవారం దాకా ఆగుతుంది.