నాలుగు తోరణాలు, నడుమ లేని గుడి

తెలంగాణ చిహ్నంలో కాకతీయ తోరణం ఉండాలా వద్దా అని 2024లో పెద్ద రచ్చే జరిగింది. రాచరికపు గుర్తులు మనకెందుకన్నారు ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి. అది మా ఆత్మగౌరవం, ముట్టుకుంటే ఊరుకోం అంది ప్రతిపక్షం. చివరికి జూన్ 2న వస్తుందనుకున్న కొత్త చిహ్నం వాయిదా పడింది. నేను విన్నంతలో, ఆ తోరణం అసలు ఎవరి వాకిలి అని అడిగినవాళ్లు తక్కువ.

చిహ్నంలో ఒకటే కనిపిస్తుంది గానీ వరంగల్ కోటలో ఉన్నవి నాలుగు, దిక్కుకొకటి. కోటలోకి దారిచ్చే గుమ్మాలు ఇవి కావు. ఆ గుమ్మాలు వేరే ఉన్నాయి, శత్రువు నేరుగా దూసుకురాకుండా మలుపులు తిప్పి కట్టినవి. తోరణాలకు తలుపుల్లేవు, కాపలా గదుల్లేవు. 13వ శతాబ్దంలో స్వయంభూ శివుడి ఆలయానికి నాలుగు వైపులా నిలిపిన ముఖద్వారాలివి. కట్టించింది రాజులే, కాదనను. కానీ వాకిలి మాత్రం దేవుడిది.

కింద నిలబడి తలెత్తి చూడండి. దూలం చివర్లలో హంసలు, కింద తామర మొగ్గలు, రాతిలోంచి వేలాడే దండలు. పండగపూట మనం గుమ్మానికి మామిడాకులు కట్టుకుంటామే, అదే పని వాళ్లు రాతితో చేశారు. స్తంభం మీద దూలం ఎక్కించిన తీరు చూస్తే శిల్పి కన్నా వడ్రంగి గుర్తొస్తాడు.

1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాక గుడి నేలకూలింది, తోరణాలు నిలిచాయి. దేవతామూర్తులు లేకపోవడం వల్లే బతికాయని ఒక మాట ఉంది. అక్కడే కట్టిన మసీదుకు ఠీవి తెస్తాయని కావాలనే ఉంచారన్నది కొందరు చరిత్రకారుల వాదన. నాకు రెండోదే నమ్మబుద్ధవుతుంది. అన్ని టన్నుల రాయి, అదీ నాలుగు దిక్కులా, పొరపాటున మిగలదు.

యునెస్కో గుర్తింపు కోసం మొదట రామప్ప, వేయిస్తంభాల గుడితో పాటు వీటినీ కలిపే ప్రతిపాదించారు. 2021లో రామప్ప ఒక్కదానికే దక్కింది. ఈలోగా ఊళ్ల పొలిమేరల్లో సిమెంటు తోరణాలు మాత్రం లేచాయి, రంగులతో సహా.

అసలు తోరణాల నడుమ విరిగిన స్తంభాలు, చెక్కిన రాళ్లు వరుసగా పేర్చి ఉంటాయి. జనం వాటిని దాటుకుంటూ వెళ్లి తోరణం ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. గుడి ఎంత మేర ఉండేదో నేల మీద గీత గీసి చూపినా చాలు, ఆ నాలుగూ దేనికి కాపున్నాయో తెలుస్తుంది.