రిలే దండగ అన్నాయన ఒక్క లెక్క వదిలేశాడు

పొగమంచు కాలం రాగానే ఈ సలహా మళ్ళీ ఫోన్లలో తిరుగుతుంది. సారాంశం ఇదీ: "కారుకు ఫాగ్ లైట్లు ఇంట్లోనే అరగంటలో పెట్టుకోవచ్చు. రిలే, విడి వైరింగ్ కిట్ అంతా షాపువాళ్ళ దోపిడీ. పార్కింగ్ లైటు వైరు కొంచెం గీరి, కొత్త వైరు చుట్టి, టేపు వేస్తే సరి. ఫ్యూజు పోతే ఇంకాస్త పెద్దది వేసుకోండి. ఎల్‌ఈడీలైతే ఆ గొడవా లేదు. పసుపు రంగువే కొనండి, మంచును చీల్చుకుపోతాయి."

ఇంట్లో పెట్టుకోవచ్చన్న మాటతో నాకు పేచీ లేదు. నేనూ పెట్టుకున్నాను. అరగంటలో కాదులెండి, ఆదివారం మొత్తం పట్టింది, పైగా బంపర్ క్లిప్పులు రెండు విరిగాయి. నా పేచీ మిగతా మాటలతో.

రిలే దోపిడీ అట. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు డబ్బా. 55 వాట్ల హాలోజన్ బల్బులు రెండు కలిపితే 110 వాట్లు. 12 వోల్టులతో భాగించండి, 9 ఆంపియర్లు దాటుతుంది. పార్కింగ్ బల్బు ఒక్కోటి 5 వాట్లు. ముందువీ వెనకవీ నంబరు ప్లేటుదీ అన్నీ కలిపినా రెండు రెండున్నర ఆంపియర్లే. ఆ మాత్రానికి సరిపడే సన్న వైరే కంపెనీ వేసింది. దాని మీదే ఇంకో తొమ్మిది లాగడమంటే ఫ్యాను వైరుకి గీజరు తగిలించడమే.

వైరు వేడెక్కడం ఒక్కటే కాదు, వెలుగూ పోతుంది. అర చదరపు మిల్లీమీటరు రాగి వైరులో నాలుగు మీటర్లు ప్రయాణించేసరికి ఆ తొమ్మిది ఆంపియర్లకు వోల్టు పైనే దారిలో హరించుకుపోతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు సుమారు మూడో వంతు పడిపోతుంది. దారి కనపడాలని లైట్లు పెట్టుకుని, మూడో వంతు వైరుకే సమర్పించుకున్నట్టు!

రిలే చేసే పని చిన్నదే. బ్యాటరీ నుంచి లావు వైరు దాని 30వ పిన్నుకు వస్తుంది, 87 నుంచి లైట్లకు వెళ్తుంది. 85, 86 మధ్య ఉన్న కాయిల్‌కు పావు ఆంపియరు కూడా అక్కర్లేదు. పార్కింగ్ వైరును ఆ కాయిల్‌కు ఇవ్వండి, నిక్షేపంగా పనిచేస్తుంది. స్విచ్చు మీద బరువు పడదు.

మా బావమరిది కారుకు వాళ్ళ ఊళ్ళో ఒకాయన అచ్చం ఈ సలహా ప్రకారమే పెట్టాడు. అరకు నుంచి దిగుతూ అనంతగిరి ఘాట్‌లో ఆగి ఫోన్ చేశాడు: "బావా, ఏసీలోంచి ఏదో కమురు వాసన వస్తోంది." లైట్లు ఆపేసి మెల్లగా రమ్మన్నాను. ఇంటికొచ్చాక స్టీరింగు కింది కవరు విప్పితే, తెల్లగా ఉండాల్సిన స్విచ్చు కప్లర్, అంటే వైర్లను కలిపే ప్లాస్టిక్ ముక్క, మాడిన అప్పడం రంగులో ఉంది. ఒక పిన్ను కరిగిన ప్లాస్టిక్‌లోకి కుంగిపోయింది. ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు.

ఎందుకు చెదురుతుంది? అక్కడ ఉండాల్సింది ఎర్రది, అంటే 10 ఆంపియర్లది. అది రెండుసార్లు పోయిందని లైట్లు పెట్టినాయన పసుపుది, 20 వేశాడు. ఫ్యూజు ఉన్నది బల్బు కోసం కాదు, వైరు కోసం. పెద్దది వేస్తే ఇక ముందు కాలేది వైరే. కొత్త లైట్లకు విడిగా నీలం రంగుది, 15 ఆంపియర్లది, బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోనే పెట్టాలి. ఫ్యూజుకు ముందున్న ముక్క బాడీకి రాసుకుని షార్టయితే కాపాడేవాడు ఉండడు మరి.

టేపు గురించి ఒక్క మాట. ఇంజను వేడికి దాని జిగురు కారిపోయి, చుట్ట విడిపోతుంది. వైర్లను లోహపు గొట్టంలో పెట్టి నొక్కి (క్రింప్ చేసి), పైన ప్లాస్టిక్ తొడుగు (స్లీవ్) వేయండి. ఎర్త్ వైరు బిగించే చోట పెయింటు గీకండి.

ఎల్‌ఈడీల మాటలో సగం నిజముంది. 20 వాట్లవి రెండైతే మూడు ఆంపియర్ల పైచిలుకే. కానీ హాలోజన్ కోసం చేసిన డూమ్‌లో (బల్బు చుట్టూ ఉండే అద్దపు గిన్నెలో) ఎల్‌ఈడీ బల్బు తోస్తే, ఫిలమెంటు ఉండాల్సిన చోట వెలుగు పుట్టదు. కిరణాలు పైకి చెదిరి, మంచుకు తగిలి మన కళ్ళలోకే వస్తాయి. ఎదుటివాడి తిట్లు అదనం. పైగా కొత్త కార్లలో లైట్ల వైర్ల మీద కంప్యూటరు కన్ను ఉంటుంది. లోడు మారితే వార్నింగు చూపించవచ్చు, సప్లై ఆపేయవచ్చు. వారంటీలో ఉన్న కారైతే, వైరు కోసి సర్వీసు సెంటరువాళ్ళకు సాకు చేతికిచ్చినట్టే.

పసుపు సంగతా? ఫ్రాన్సులో 1993 దాకా హెడ్‌లైట్లే పసుపు. అయినా పొగమంచు బిందువులు కాంతి తరంగం కంటే చాలా పెద్దవి, అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. కంటికి హాయనిపిస్తే కొనుక్కోండి. పనిచేసేది మాత్రం కిందుగా బిగించడం, పైన కోసినట్టు ఆగిపోయే వెడల్పాటి వెలుగు.

బావమరిది కారులో ఆ అతుకులన్నీ పీకేద్దామని బంపర్ విప్పాం. రెండు పక్కలా కంపెనీ ఫాగ్ లైటు కప్లర్లు, టేపు చుట్టి హార్నెస్‌కు, అంటే కారు వైర్ల కట్టకు, కట్టేసి ఉన్నాయి. ఫ్యూజు బాక్సులో రిలేకి ఖాళీ గూడు కూడా ఉంది.