ముళ్లకంచె వెనక లక్షల మంది ఉండగా ఇచ్చిన అప్పు

2009 జులై 24న ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) బోర్డు శ్రీలంకకు దాదాపు 260 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన ఎల్‌టీటీఈతో (తమిళ పులులతో) ప్రభుత్వం చేసిన యుద్ధం ముగిసి అప్పటికి రెండు నెలలు దాటింది. అదే సమయంలో దేశ ఉత్తరాన వవునియా దగ్గరి మెనిక్ ఫామ్ శిబిరంలోనూ చుట్టుపక్కల శిబిరాల్లోనూ రెండున్నర లక్షలకు పైగా తమిళులు ముళ్లకంచెల వెనక ఉన్నారు. ముసలివాళ్లు, పసిపిల్లలు, గాయాలు మానని వాళ్లు, ఎవరికీ తమ ఇష్టప్రకారం గేటు దాటి వెళ్లే వీలు లేదు. వోటింగ్‌లో అమెరికా, బ్రిటన్ తటస్థంగా ఉండిపోయాయి. వద్దని వోటు వేయలేదు, అప్పూ ఆగలేదు.

నేరారోపణలున్న ప్రభుత్వానికి బయటివాళ్లు సాయం చేయాలా వద్దా అన్న ప్రశ్నకు ఇదొక ఉదాహరణ. ఇది అప్పే కదా, సాయం ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. విదేశీ మారక నిల్వలు కరిగిపోయి, బయట ఎవరూ నమ్మి ఇవ్వని రోజుల్లో దొరికే డబ్బును నేనైతే సాయమనే అంటాను. పైగా ఐఎంఎఫ్ ఇచ్చిందంటే మిగతా వాళ్లకూ ధైర్యం వస్తుంది, ఆ దేశ ప్రభుత్వానికి పరువూ దక్కుతుంది. సొంత పౌరులపై ఫిరంగులు పేల్చిందన్న ఆరోపణ ఉన్న ప్రభుత్వానికి ఆ పరువు రెండు నెలలకే దక్కింది.

ఆ ఆరోపణలు గాలి మాటలేమీ కావు. యుద్ధం చివరి నెలల్లో పోరు సాగిన ఉత్తరాది వన్ని ప్రాంతంలో చిక్కుకున్నది 70 వేల మందేనని ప్రభుత్వం చెబుతూ వచ్చింది. చివరికి బయటపడి శిబిరాలకు చేరినవాళ్లే 2.8 లక్షల పైచిలుకు. ఈ తేడాను అధికారుల పొరపాటుగా తీసిపారేయలేం, ఎందుకంటే లోపలికి వెళ్లే తిండి, మందులు ఈ తక్కువ లెక్కను బట్టే ఉండేవి. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన నిపుణుల బృందం 2011 నివేదికలో ఈ సంగతి రాసింది. కాల్పులు జరపబోమని ప్రకటించిన జోన్ల మీద, ఆస్పత్రుల మీద కూడా షెల్లింగ్ జరిగిందని, చనిపోయిన పౌరులు 40 వేల వరకూ ఉండొచ్చని చెప్పింది. ఎల్‌టీటీఈ జనాన్ని అడ్డుగోడగా వాడుకుందని, పారిపోబోయిన వాళ్లను కాల్చిందని, చిన్నపిల్లల చేతికి తుపాకులిచ్చిందని కూడా అదే నివేదికలో ఉంది. 1990లో ఉత్తరాది ముస్లింలను కట్టుబట్టలతో తరిమేసింది కూడా ఆ సంస్థే. అయితే ఐఎంఎఫ్ డబ్బు వెళ్లింది ఎల్‌టీటీఈకి కాదు కాబట్టి ఇక్కడ లెక్క అడగాల్సింది ప్రభుత్వాన్నే.

నేను చెప్పదలుచుకున్నది ఇదీ. నేరారోపణలున్న ప్రభుత్వానికి సాయం చేయాలా వద్దా అని ఒక్క ముక్కలో తేల్చేయడం కుదరదు. ఆకలితో ఉన్నవాళ్లకు వాళ్ల పాలకుల పాపాలు చూపించి అన్నం ఆపడం దుర్మార్గం. కానీ జనం చేతికి చేరేది వేరు, ఖజానాకు చేరేది వేరు. ఖజానాలో పడ్డ డబ్బుకి గుర్తు ఉండదు. మనం మందుల కోసమని ఇస్తే, మందులకు పెట్టాల్సిన సొమ్ము బ్యారక్‌లకు వెళ్తుంది, రికార్డుల్లో మాత్రం ఏ తప్పూ కనిపించదు. అందుకే ఖజానాకు ఇచ్చే ముందు షరతు పెట్టాలి, అది కూడా ఇవ్వకముందే పెట్టాలి. ఇచ్చేశాక అడిగితే ఎవరు వింటారు?

2009 జులైలో అడగాల్సింది పెద్ద విషయమేమీ కాదు. యుద్ధ నేరాల ట్రిబ్యునల్ అప్పటికప్పుడు పెట్టమని ఎవరూ అనక్కర్లేదు. శిబిరాల గేట్లు తెరవండి, సైన్యానికి లొంగిపోయిన వాళ్ల పేర్ల జాబితా ఇవ్వండి, రెడ్‌క్రాస్‌ను లోపలికి రానివ్వండి. ఈ మూడూ వారం రోజుల్లో చేయగలిగినవి, జరిగాయో లేదో ఎవరైనా వెళ్లి చూడగలిగినవి. ఆ జాబితా అప్పుడే బయటికి వచ్చి ఉంటే, కిలినొచ్చిలోనూ ముల్లైతీవులోనూ 2017 నుంచి కనిపించకుండా పోయిన బిడ్డల ఫొటోలు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటున్న తల్లుల్లో చాలామందికి కనీసం ఒక జవాబు ఉండేది. శిబిరాల నుంచి జనం స్వేచ్ఛగా వచ్చిపోయే వీలు మొదలైంది ఆ ఏడాది డిసెంబర్‌లో. మెనిక్ ఫామ్ పూర్తిగా మూతపడింది 2012 సెప్టెంబర్‌లో.

మన దేశం ఏం చేసింది? అప్పు మంజూరవడానికి రెండు నెలల ముందు, 2009 మే 27న, జెనీవాలోని మానవ హక్కుల మండలిలో శ్రీలంకను దాదాపు మెచ్చుకుంటున్నట్టున్న తీర్మానానికి అనుకూలంగా వోటు వేసింది. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో చాలామంది దీన్ని తమిళనాడు రాజకీయంగానే చూశారు గానీ ఆ వోటు మనందరి పేరు మీదా పడింది.

అదే భారత ప్రభుత్వం ఆ తర్వాత చేసిన ఒక పని మాత్రం, సాయం ఎలా ఉండాలో చూపించింది. ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో, తర్వాత కొండ ప్రాంతపు తేయాకు తోటల్లో 50 వేల ఇళ్ల పథకం పెట్టింది. యుద్ధ ప్రాంతాల్లో ఎక్కువ ఇళ్లకు పద్ధతి ఏమిటంటే, కుటుంబమే తన ఇల్లు కట్టుకుంటుంది, ఒక్కో దశ పూర్తయ్యే కొద్దీ డబ్బు నేరుగా వాళ్ల బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇంటికి ఐదున్నర లక్షల శ్రీలంక రూపాయలు. ధరలు పెరిగి ఆ మొత్తం చాలక కొందరు అప్పులపాలయ్యారు, అది నిజమే. అయినా డబ్బు ఎవరికి చేరిందో పేరుతో సహా చెప్పగలం, గోడ లేచిందో లేదో కంటితో చూడగలం. మధ్యలో సైన్యం చెయ్యి పెట్టే సందు తక్కువ.

మరి షరతులకు లొంగకపోతే శిక్షించాలా? యూరోపియన్ యూనియన్ అది చేసి చూసింది. మానవ హక్కుల ఒప్పందాలు అమలు చేయడం లేదని శ్రీలంక నుంచి యూరప్‌కు వెళ్లే సరుకులకు ఇస్తున్న జీఎస్‌పీ ప్లస్ అనే పన్ను రాయితీని 2010 ఆగస్టులో తీసేసింది. దెబ్బ తగిలింది గార్మెంట్ ఫ్యాక్టరీలకు. అక్కడ కుట్టు మిషన్ల మీద పనిచేసేది ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. అప్పటి అధ్యక్షుడు మహింద రాజపక్స మాత్రం 2015 జనవరిలో ఎన్నికల్లో ఓడేదాకా కుర్చీలోనే ఉన్నారు. కూలివాళ్ల జీతం మీద వేసే శిక్షలంటే నాకు నమ్మకం లేదు. ఆదేశాలిచ్చిన వాళ్ల వీసాలు, ఆస్తులు, విదేశీ ఖాతాల మీద వేయండి, అది న్యాయం. చివరి యుద్ధంలో ఒక సైనిక డివిజన్‌ను నడిపిన షవేంద్ర సిల్వా మీద అమెరికా 2020లో ప్రవేశ నిషేధం పెట్టింది కదా, అలాగన్నమాట. కాకపోతే పదకొండేళ్లు ఆలస్యంగా, ఆయన సైన్యాధిపతి అయ్యాక.

మనం ఇవ్వకపోతే చైనా ఇస్తుందన్న మాట ఢిల్లీలో తరచూ వినిపిస్తుంది. చైనా ఇచ్చింది కూడా, ఆ అప్పులతో కట్టిన హంబన్‌తోట రేవు దానికి సాక్ష్యం. కానీ అంత చైనా డబ్బు వచ్చినా కొలంబో 2009లోనూ, 2022లోనూ ఐఎంఎఫ్ తలుపు తట్టక తప్పలేదు. అంటే అడిగే బలం ఇచ్చేవాళ్ల దగ్గర ఉంది, వాడుకోలేదంతే.

డాలర్లు నిండుకుని శ్రీలంక కుప్పకూలిన 2022 సంగతి మరీ చిక్కు. అప్పుడు అధ్యక్షుడు గొటబయ రాజపక్స, యుద్ధకాలంలో రక్షణ కార్యదర్శి ఆయనే. అయినా ఆ ఏడాది భారత్ ఇచ్చిన దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం సరైనదేనని నేను అనుకుంటాను. అందులో చాలా భాగం డీజిల్, మందులు, ఎరువులు, బియ్యం, పాలపొడి. జాఫ్నా వైపు దీవుల జాలర్లకు కిరోసిన్ కూడా అందింది. బంకుల ముందు రోజుల తరబడి క్యూలో నిలబడ్డ మనిషి సింహళుడా తమిళుడా అని చూసే పని లేదు. నా అభ్యంతరం 2023లో వచ్చిన ఐఎంఎఫ్ ప్యాకేజీ మీద. కరెంటు చార్జీలు పెంచమన్నారు, పన్నులు పెంచమన్నారు, పాలనలో అవినీతి మీద ప్రత్యేకంగా నివేదిక కూడా రాయించారు. రాజకీయాల్లో తలదూర్చం అనేవాళ్లు ఇంత లోపలికి వెళ్లగలిగినప్పుడు, ఉత్తరాదిలో సైన్యం ఇంకా పట్టుకుని కూర్చున్న భూముల గురించి అడగడానికి ఏం అడ్డొచ్చింది? రెండు లక్షలు దాటిన సైన్యాన్ని 2030కల్లా లక్షకు తగ్గిస్తామని కొలంబో 2023లో ప్రకటించింది. జెనీవా తీర్మానాలు ఇన్నేళ్లలో చేయించలేని పని అది, ఖాళీ ఖజానా చేయించింది.

ఇప్పుడైనా ఖర్చు పెట్టాల్సిన చోటు ఒకటి కళ్లముందే ఉంది. జాఫ్నా దగ్గర చెమ్మణిలో 2025లో జరిగిన తవ్వకాల్లో 200కు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి, వాటిలో పసిపిల్లలవీ ఉన్నాయి. వాళ్లెవరో తేల్చాలంటే డీఎన్‌ఏ ల్యాబులు, శిక్షణ పొందిన ఫోరెన్సిక్ నిపుణులు, కుటుంబాల రక్త నమూనాలు భద్రపరిచే ఏర్పాటు కావాలి. భారత్, యూరప్, జపాన్ ఎవరైనా సరే దీనికి డబ్బివ్వండి. ఫలితాలు రక్షణ శాఖ చేతికి వెళ్లకుండా ముందు కుటుంబాలకు, కోర్టుకు అందాలన్న షరతును ఒప్పందం మొదటి పేజీలోనే రాయించుకుని ఇవ్వండి.