‘అంతా గూగుల్‌లోనే ఉంది కదా’ అంటున్నవాళ్లకు

ఒక వాట్సాప్ మెసేజ్ ఈమధ్య మా గ్రూపులోకే మూడుసార్లు వచ్చింది. సారాంశం ఇది: ‘ప్రపంచంలోని టెక్నాలజీ అంతా నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది. పేటెంట్లు కూడా ఎవరైనా చదివి వస్తువు తయారు చేసుకోవచ్చు. రైతుకు ఒక వీడియో పంపితే చాలు. ఇంకా ఈ సమాచార కేంద్రాలు, విస్తరణాధికారులు, టెక్నాలజీ బదిలీ ప్రాజెక్టులు ఎందుకు దండగ? పేద దేశాలు వెనకబడటానికి కారణం బద్ధకం.’ వినడానికి బాగానే ఉంది. ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

‘అంతా ఉచితం’ అన్నది ముందు. సైన్సు జర్నళ్లు చదవడానికి మన విద్యాసంస్థల కోసం కేంద్రం 2024 నవంబరులో ‘ఒకే దేశం ఒకే చందా’ పథకానికి ఆమోదం తెలిపింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. ఉచితంగా దొరికేదానికి ఎవరైనా అంత డబ్బు కడతారా? అదీ ప్రభుత్వ సంస్థలకే. హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామికవాడలో చిన్న యూనిట్ నడుపుకునే ఆయనకు ఆ తలుపు ఇంకా మూసే ఉంది.

పేటెంట్ల మాటలో సగం నిజముంది, ఒప్పుకోవాలి. పేటెంట్ ఏ దేశంలో తీసుకుంటే అక్కడే చెల్లుతుంది. మన దేశంలో తీసుకోని పేటెంటును చదివి ఇక్కడ వాడుకోవడానికి దాని యజమాని అనుమతి అక్కర్లేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. 1970 నాటి చట్టం వల్ల 2005 దాకా మందుల మీద ఉత్పత్తి పేటెంట్ (తయారీ పద్ధతి మీద కాక, మందు మీదే ఉండే హక్కు) లేకపోవడమే హైదరాబాద్ మందుల పరిశ్రమకు దారి వేసింది. కానీ చదివిన కాగితాన్ని మందుగా మార్చే చేతులు ఎక్కడివి? సోవియట్ సాయంతో హైదరాబాద్ బాలానగర్‌లో వెలసిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లవి చాలా ఉన్నాయి. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి కూడా అంతకుముందు అక్కడ పనిచేసినవారే.

బల్క్‌డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల్లో పనిచేసేవాళ్లను అడగండి, ‘టెక్ ట్రాన్స్‌ఫర్’ అంటే ఏమిటో చెబుతారు. విదేశం నుంచి అక్కర్లేదు, తమ ల్యాబ్ నుంచి తమ ప్లాంటుకే. ల్యాబ్‌లో ఫ్లాస్కును ఐస్‌లో పెడితే నిమిషాల్లో చల్లబడుతుంది. ప్లాంటులో వెయ్యి లీటర్ల రియాక్టర్‌కు అదే పని గంటలు పడుతుంది. చల్లబడే వేగం మారితే స్ఫటికాల సైజు మారుతుంది, ఫిల్టర్ మూసుకుపోతుంది, షిఫ్టు ఇన్‌చార్జికి టెన్షన్. ల్యాబ్‌లో చేసిన మనిషి పక్కన నిలబడి ‘ఈ రంగు వచ్చేదాకా ఆగు’ అంటేగానీ బ్యాచ్ గట్టెక్కదు. ఆ ‘రంగు’ ఏ పేటెంటులోనూ ఉండదు.

కోవిడ్ టీకా కార్బెవ్యాక్స్ చూడండి. అమెరికాలోని టెక్సస్ శాస్త్రవేత్తలు దానికి పేటెంట్ తీసుకోలేదు. అంటే అడ్డే లేదు. అయినా హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ దాన్ని తయారు చేయడానికి ప్రొటీన్ ఇచ్చే ఈస్ట్ కణాలు రావాలి, రెండు జట్లూ కలిసి పనిచేయాలి. అదంతా జరిగాకే 2021 డిసెంబరులో అనుమతి వచ్చింది. లింకు పంపితే కణాలు రావు.

ఇక రైతుకు వీడియో. పేటెంట్ లేని, పైసా ఖర్చు లేని సమాచారానికి తక్కువ విత్తనంతో, లేత నారు ఎడంగా నాటే శ్రీ వరి సాగు కంటే మంచి ఉదాహరణ దొరకదు. మడగాస్కర్‌లో ఒక ఫ్రెంచి మతగురువు 1980లలో రూపొందించిన పద్ధతి అది. 2003 ఖరీఫ్‌లో రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం మన పొలాల్లోకి తెచ్చింది. ఎకరానికి 2 కిలోల విత్తనం, 25 సెంటీమీటర్ల ఎడం, కుదురుకు ఒకే మొక్క. కరపత్రంలో పట్టేంత సమాచారం.

పొలంలో ఏం జరిగింది? పది రోజుల నారు రెండాకుల మీద ఉంటుంది. గింజ ఊడకుండా, మట్టితో సహా రేకు మీద ఎత్తి తెచ్చి, తాడు గీతల మీద ఒక్కొక్కటే పైపైన పెట్టాలి. నెల నారు కట్టలు విప్పి మూడు నాలుగు మొక్కలు కలిపి చకచకా గుచ్చే ముఠాకు ఇది కొత్త పని. ఎకరం లెక్కన మాట్లాడుకున్న కూలికి గిట్టదు. పొలం తడుపుతూ ఆరబెడుతూ ఉండాలంటే నీరు మన చేతిలో ఉండాలి. పై మడి నుంచి పారే కాలువ నీళ్లు మన మాట వింటాయా? దాంతో చాలాచోట్ల రెండు మూడు పంటల తర్వాత పాత పద్ధతికే వెళ్లారు. ఆ రైతులకు సమాచారం అందలేదంటే నేను నమ్మను. వాళ్లు తిరిగి చెప్పిన ఇబ్బందులను రాసుకుని, దానికి తగ్గట్టు పనిముట్టు, కూలి లెక్క మార్చే ఏర్పాటే సన్నగా ఉంది.

అలాంటి ఏర్పాటు మన దగ్గరే చేసి చూశారు. 2004లో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వారి ‘ఈ-సాగు’ అనే రైతు సలహాల ప్రాజెక్టు వరంగల్ జిల్లా పత్తి రైతులతో మొదలైంది. ఊళ్లో ఉండే సమన్వయకర్త చేనుకు వెళ్లి ఆకుల ఫొటోలు తీసేవాడు. నెట్ అంత లాగలేదు కాబట్టి ఫొటోలను సీడీల్లో వేసి కొరియర్‌లో హైదరాబాద్ పంపేవారు. నిపుణులు ఆ చేనును చూసి, ఆ చేనుకు సరిపడే సలహా రాసేవారు. పైనుంచి వచ్చే వీడియోకి ఈ చూపు ఎక్కడిది?

‘బద్ధకం’ అన్న మాటకు ఎక్కువ చోటివ్వను. కోవిడ్ కాలంలో తన కోవిడ్ టీకా పేటెంట్లను అమలు చేయనని అమెరికా కంపెనీ మోడెర్నా 2020 అక్టోబరులో ప్రకటించింది, కానీ తయారీ కిటుకులు ఇవ్వలేదు. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లోని ఆఫ్రిజెన్ కంపెనీ బృందం బయట దొరికిన సమాచారంతోనే కుస్తీపట్టి, 2022 ఫిబ్రవరి నాటికి ల్యాబ్ స్థాయిలో మోడెర్నా తరహా ఎంఆర్ఎన్ఏ టీకా చేసి చూపించింది. వాళ్ల దగ్గర్నుంచి ఆ పరిజ్ఞానం అందుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంపిక చేసినవాటిలో మన బయోలాజికల్ ఇ కూడా ఉంది. ఆ ఏర్పాటులో కాగితాలతో పాటు శిక్షణ కూడా ఉంది.